బాత్‌రూమ్ ఎదుటి జాగా

మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు డ్రైవర్ సీటు, దాని వెనక సోఫా, పొయ్యి, సింకు, మంచాలు, ఆ చివర తలుపున్న ఒక చిన్న గది. ఆ చిన్న గది కోసమే మేం బండి కొన్నాం. మిగతాదంతా కొసరు.

ఎందుకో ముందే చెప్పెయ్యాలి. మా సుందరమ్మత్త మా నాన్నకి చెల్లెలు, నా భార్య విజయకి తల్లి. నాకు మేనత్తా ఆవిడే, అత్తగారూ ఆవిడే. కొన్నేళ్ళుగా ఆవిడ ఎక్కడికీ కదలడం లేదు. మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్ళాలి, ఆపుకోవడం ఆవిడ వల్ల కాదు. మందులు నోరెండబెట్టడం తప్ప చేసిందేమీ లేదు. బస్సు మానేసింది, పెళ్ళిళ్ళు మానేసింది, తిరపతి మానేసింది. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులనేది. మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఆర్నెల్లు ఉందామని అమెరికాలో, బాతెల్‌లోని మా ఇంటికి వచ్చి, మా వీధి మలుపు దాటకుండా వేసవి దాకా గడిపేసింది.

ఒకరోజు టీవీలో ఎల్లోస్టోన్ పార్కు చూపిస్తున్నారు. నేల చీల్చుకుని వేడినీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయి. అత్త కళ్ళజోడు సర్దుకుని, "నిజంగా ఉందంట్రా ఇది? మనుషులు వెళ్ళి చూస్తారా?" అంది. ఊరికే అడిగినట్టే అడిగింది. కానీ నేను పుట్టి పెరిగింది ఏలూరు మెయిన్ బజారులో, ఇత్తడి సామాను కొట్టులో. ఊరికే అడిగేవాళ్ళెవరో, కొనాలని అడిగేవాళ్ళెవరో గొంతు బట్టి చెప్పగలను.

అది 2008. పెట్రోలు ధర మండిపోతోంది, పెద్ద బళ్ళ మొహం ఎవరూ చూడటం లేదు. ఎవరికీ అక్కర్లేనప్పుడు కొనమనేవాడు నాన్న. ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర పాత మోటర్‌హోమ్ చూసి, వారాల తరబడి బేరమాడి, అడిగిన ధరలో మూడోవంతు తెగ్గోశాను. తాళాలు చేతికిస్తూ ఆయన నవ్విన నవ్వుకి అర్థం దారిలో, మోంటానా రాష్ట్రంలో తెలిసింది.

కొండ మీద పొగ

మొదటి రోజు హాయిగా సాగింది. అత్త సోఫాలో కూర్చుని కిటికీలోంచి గోధుమ పొలాలు చూస్తూ, కావలసినప్పుడల్లా లేచి చివరి గదికి వెళ్ళివస్తూ, మధ్యలో మాకు పులిహోర పెట్టింది. "రాజ్యం ఏలుతున్నట్టుందిరా రంగా," అంది.

రెండో రోజు మోంటానాలో ఒక కొండ ఎక్కుతుండగా బండి ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచింది.

"అప్పుడే వచ్చేసిందా ఆ వేడినీళ్ళ చోటు?" అంది అత్త.

"కాదమ్మా. బావ బేరం," అంది విజయ.

లాగుడు బండి మమ్మల్ని కొండ దిగువన ఒక చిన్న ఊళ్ళోకి, ఒక రిపేరు షెడ్డు ముందుకి చేర్చింది. షెడ్డు యజమాని పేరు కర్ట్. చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిందకి దూరి చూసి, వాటర్ పంప్ పోయిందన్నాడు. పార్ట్ బయటి నుంచి రావాలి, మధ్యలో శని, ఆదివారాలు అడ్డం, సోమవారానికి గాని బండి కదలదు.

విజయవాడ ఆటోనగర్ అయితే ఏ మేస్త్రీయో పాత పంపు విప్పి, ఇంకో బండి పంపు దీనికి తగిలించి, సాయంత్రానికి సాగనంపేవాడు. అంతసేపూ మనం బండి కిందే చాప పరుచుకుని పడుకోవచ్చు. ఇక్కడ కర్ట్ తల అడ్డంగా ఊపాడు. బండి షెడ్డులో ఉండగా అందులో మనుషులు పడుకోకూడదు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. మోటెల్ అడిగాను. ఊళ్ళో ఫెయిర్ నడుస్తోందట, అంటే మన పశువుల సంత లాంటిది. మోటెళ్ళన్నీ గుర్రాలవాళ్ళతో నిండిపోయాయి. పాపం, నా ఎదురుగానే రెండు చోట్లకి ఫోన్ కూడా చేశాడు. అద్దెకి కారు దొరికే ఊరు కాదది.

"నది ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్ ఉంది. నా ట్రక్‌లో దింపుతా. టెంట్ ఉందా?" అన్నాడు.

ఇల్లే వెంట తెచ్చుకున్నవాళ్ళ దగ్గర టెంట్ ఎందుకుంటుంది?

ఈ సంభాషణంతా విజయ తెలుగులో చెబుతుంటే అత్త ఒకటే అడిగింది: "అక్కడ ఉంటుందా?"

ఏది అని మేం అడగలేదు. "ఉంటుందట," అంది విజయ.

"సరే. నా సంగతి మాత్రం వీళ్ళెవరికీ చెప్పకండి. చెప్పారో, నేను మళ్ళీ గడప దాటను. ఒట్టు."

ఒట్టంటే ఒట్టే. ఆవిడ కూడా ఇత్తడి కొట్టు మనిషే మరి. మా ఇంట్లో అవసరం బయటపెట్టడం కన్నా దివాలా తీయడం నయం.

ఎనిమిది డాలర్ల టెంట్

చర్చి వాళ్ళు నడిపే పాత సామాన్ల దుకాణం ముందు కర్ట్ ట్రక్ ఆపాడు. లోపల ఎవరో వదిలేసిన ప్లేట్లు, ఎవరో తొడిగి విడిచిన బూట్లు, పెళ్ళి గౌన్లు కూడా ఉన్నాయి. మన దగ్గర పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకుంటాం. ఇక్కడ ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తారు, వీళ్ళు వాటిని అమ్మి పేదలకి అన్నం పెడతారు. మూలన ఆకుపచ్చ టెంట్, మీద పన్నెండు డాలర్ల చీటీ. నేను దాన్ని తిప్పి, మరకలు వెతికి, ముక్కు ముడిచి, "ఎనిమిది," అన్నాను.

"సరే," అన్నాడు కౌంటర్ దగ్గరి తాత.

ప్రాణం ఉసూరుమంది. అడిగిన ధరకి అమ్మేవాడు వెంటనే ఒప్పుకుంటే, బేరగాడికి అంతకన్నా అవమానం లేదు. ఆరు అని ఉండాల్సింది! ట్రక్ ఎక్కాక కూడా అదే గొణుగుతుంటే విజయ సంచీ విప్పి చూసి, "బావా, ఇందులో మేకులు లేవు," అంది.

డోనా కిటికీ

క్యాంప్‌గ్రౌండ్ అంటే చెట్ల మధ్య విడివిడిగా గుర్తులు పెట్టిన జాగాలు. ఒక్కో జాగాకి ఒక చెక్క బల్ల, నిప్పు చేసుకోవడానికి ఒక ఇనుప చట్రం, ఒక నంబరు. అందరికీ కలిపి మధ్యలో బాత్‌రూముల కట్టడం ఒకటి. ట్రక్ లోపలికి తిరుగుతుండగానే అత్త నా భుజం మీద తట్టింది.

"ఒరేయ్, అదిగో. అదీ."

బాత్‌రూముల తలుపుకి సరిగ్గా ఎదురుగా ఒక జాగా ఖాళీగా ఉంది. తలుపు తీస్తే ఆ వెలుగు అక్కడ పడేంత దగ్గర. ఊరంతా నిండిపోయినా అది మిగిలిందంటే కారణం తెలుస్తూనే ఉంది. అందరికీ చేదైన సరుకు, మాకు బంగారం.

"అది తీసుకో. మరీ ఎగబడకు," అంది అత్త.

నాకు చెప్పాలా? కొనదలుచుకున్న బిందె వైపు చూడకూడదు, పక్క బిందె చూడాలి. ధర అడక్కముందే వంక పెట్టాలి. ఇవి అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నాను.

ఆఫీసంటే ఒక చెక్క గుడిసె, దానికో కిటికీ. కిటికీలో డోనా అనే పెద్దావిడ, నెరిసిన జుట్టు జడేసుకుని, గొంతులో బోలెడు ఆప్యాయత. ఆవిడే ఈ చోటికి కాపలా, గుమస్తా, యజమానీ అన్నీ. రెండే జాగాలు మిగిలాయంది. ఒకటి బాత్‌రూమ్ ఎదురుగా, రెండోది ఆ చివర నది ఒడ్డున.

నేను నిట్టూర్చాను. బాత్‌రూమ్ ఎదురుగానా అన్నాను. వాసన కదా అన్నాను. రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు, వచ్చేపోయే జనం అన్నాను. మా అత్తగారు పెద్దావిడ, అలాంటిచోట కంటిమీద కునుకెలా పడుతుందన్నాను. ఇంత చెప్పాక ఏ కొట్లోనైనా ఎదుటివాడు "సరే, మీరేమిస్తారో చెప్పండి" అనాలి. నేను ఆ మాట కోసం ఆగాను.

డోనా గుండె మీద చెయ్యి వేసుకుంది. "నువ్వన్నది నిజం. మా అమ్మనైతే అక్కడ పడుకోబెడతానా? నది పక్కది తీసుకోండి. ఈ మొత్తంలో అందమైన చోటు అదే."

"అబ్బే, ఫర్లేదు, మేం సర్దుకుంటాం…"

"ఒక్కమాట కూడా వినను!" అంది డోనా. నాది మర్యాద అనుకుంది. నా వెనక మోటర్‌సైకిల్ మీద వచ్చిన ఒక జంట నిలబడి ఉంది. "మాకు ఎక్కడైనా ఒకటే," అన్నారు వాళ్ళు. బాత్‌రూమ్ ఎదుటి జాగా వాళ్ళదైపోయింది. నది పక్క జాగాకి రోజుకి పదిహేను డాలర్లు, సోమవారం దాకా నేను నోరెత్తకుండా కట్టేశాను.

ట్రక్ దగ్గరికి వెళ్ళేసరికి విజయకి నా నడకలోనే తెలిసిపోయింది. అత్తకి నేనే చెప్పాను.

"ఎగబడకు అన్నానే గాని, తన్నేయమన్నానట్రా?" అంది.

నది పక్కన

చోటు అందమైనదే, కాదనను. నీళ్ళు గులకరాళ్ళ మీద గలగలమంటూ పోతున్నాయి. అవతలి గట్టున పైన్ చెట్లు. పోస్ట్‌కార్డులో కూర్చున్నట్టుంది. మేకులు లేని టెంట్‌ని, బట్టలారేసుకునే తాడుతో బల్లకీ, ఇనుప చట్రానికీ, ఒక చెట్టుకీ కట్టాను. ఒకపక్కకి ఒరిగి, తాగినవాడిలా నిలబడింది. పక్క జాగా ఆయన మాంసం కాలుస్తూ సుత్తి ఇవ్వనా అన్నాడు. సుత్తి ఉంటే మేకులుండొద్దూ?

కానీ బాత్‌రూమ్ అక్కడికి, ఏలూరులో మా కొట్టు నుంచి కాలవ వంతెనకి ఉన్నంత దూరం. విజయ చెయ్యి పట్టుకుని అత్త వెళ్ళివచ్చింది. మళ్ళీ వెళ్ళివచ్చింది. మరోసారి వెళ్ళివచ్చినప్పుడు ఆవిడ ఒంటిమీద చీర మారి ఉంది. విజయ నావైపు చూడలేదు. నేనూ ఏమీ గమనించనట్టు చిన్న గ్యాసు స్టవ్ మీద గిన్నె కలియబెట్టాను.

ఆ తరవాత అత్త ఇంక లేవలేదు. పప్పూ అన్నంలో ఆవకాయ కలిపి పెడితే రెండు ముద్దలు తింది. నీళ్ళ గ్లాసు అందిస్తే పక్కన పెట్టింది.

"తాగమ్మా. ఎండలో వచ్చాం."

"దాహంగా లేదే."

"మధ్యాహ్నం నుంచి చుక్క ముట్టలేదు నువ్వు."

"లేదంటే వినవేం?"

విజయ నన్ను నది అంచుకి పిలుచుకెళ్ళింది. "డోనాకి చెప్పేస్తాను బావా. అమ్మ ఇలా సోమవారం దాకా నీళ్ళు మానేస్తే ఆస్పత్రి పాలవుతుంది. ఇక్కడ ఆస్పత్రి బిల్లంటే ఏమిటో నీకు తెలుసు."

"ఒట్టేయించుకుంది కదే."

"ఒట్టు నిలబెట్టుకుని మనిషిని పోగొట్టుకుందామా?"

పొద్దున్న దాకా ఆగుదామన్నాను. గొప్ప ఉపాయం ఉండి కాదు. డోనా ముందుకి వెళ్ళి, నేను చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకోవడానికి మొహం చెల్లక.

హకల్‌బెర్రీ పై

మేం వెళ్ళకముందే డోనా వచ్చింది, చిన్న బ్యాటరీ బండి నడుపుకుంటూ. ఒళ్ళో రేకు పళ్ళెం, అందులో ఊదారంగు రసం కారుతున్న పై, అంటే పళ్ళు కూరి కాల్చిన రొట్టె. ఆ కొండల్లో హకల్‌బెర్రీ అనే అడవి పళ్ళు దొరుకుతాయి. చిన్నవి, మన నేరేడు రంగు, పులుపూ తీపీ కలిసిన రుచి. తోటల్లో పెంచితే పెరగవట, ఎవరికి వాళ్ళు ఏరుకోవాల్సిందే. ఫెయిర్‌లో చిన్న సీసాడు జామ్ తొమ్మిది డాలర్లు. అలాంటిది, కొత్తవాళ్ళకి పై మొత్తం తెచ్చిచ్చింది.

"అమ్మకి నిద్ర పట్టిందా?" అని అడిగింది.

అత్త మర్యాద కోసం పళ్ళెం అందుకోవడానికి లేచింది. లేచిన మనిషి ఊగింది. విజయ ఒకపక్క, డోనా ఒకపక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టారు. పెదాలు పగిలి ఉన్నాయి. డోనా తన బండిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. అత్త వద్దని చెయ్యి ఊపింది. డోనా మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ వద్దంది.

"మీవాళ్ళ ఉపవాసమా ఏమన్నా?" అని డోనా నన్నడిగింది. అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

అంతలో అత్త, నా మొహం కేసి ఒకసారి చూసి, డోనా చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో ఇంగ్లీషు టీవీ చూసి నేర్చుకున్న ముక్కలన్నీ పోగేసుకుంది.

"నో ఫాస్టింగ్. వాటర్, దెన్ బాత్రూమ్. మెనీ టైమ్స్. బాత్రూమ్, ఫార్." నది చివర నుంచి ఆ కట్టడం దాకా వేలితో గీత గీసి చూపించింది. "ఐ కెనాట్ హోల్డ్."

ఆ చివరి మాట ఆవిడ మాకు కూడా ఎప్పుడూ అంత తిన్నగా చెప్పలేదు.

డోనా నావైపు తిరిగింది. "మరి నువ్వు వాసనన్నావు. లైటన్నావు."

చెప్పక తప్పలేదు. "మా దగ్గర పద్ధతి అది. కావలసిన దాన్ని ముందు తిడతాం. అప్పుడు ధర తగ్గుతుంది."

"మీకు కావాలో వద్దో అమ్మేవాడికెలా తెలుస్తుంది?"

"వాడికి తెలుస్తుంది. వాడూ మాలాంటివాడే కదా."

డోనా కాసేపు నన్ను, ఏదో కొత్తరకం పక్షిని చూసినట్టు చూసింది. తరవాత అత్త పక్కనే బల్ల మీద కూలబడింది. "నేనుండే ట్రైలర్ ఇల్లు ఎక్కడుందో చూశావా? బాత్‌రూమ్ గోడకి ఆనించి పెట్టుకున్నాను. అక్కడి నుంచి కనిపించే అందాల కోసం అనుకున్నావా? నలుగురు పిల్లల్ని కన్నాను హనీ. చర్చిలో కూడా చివరి వరసే నాది, తలుపు పక్కన."

విజయ తెలుగులో చెప్పింది. అత్త మొదట నమ్మలేదు, మళ్ళీ చెప్పమంది. విని, ఇంత పెద్దగా నవ్వింది. నవ్వుతూనే నీళ్ళ సీసా అందుకుంది. నవ్వాపి, "ఈవిడా?" అంది. మళ్ళీ నవ్వింది.

మోటర్‌సైకిల్ జంట సంతోషంగా నది ఒడ్డుకి మారిపోయారు. మా ఒరిగిన టెంట్ బాత్‌రూమ్ ఎదుటికొచ్చి అక్కడా ఒరిగింది. డోనా కిటికీలోంచి నాకు కొంత డబ్బు వెనక్కిచ్చింది. ఎందుకంటే, ఆ జాగా అద్దె ఎప్పుడూ పది డాలర్లేనట. ఎవరూ తీసుకోరని తనే తగ్గించిందట.

"అంటే నేను నోరు మూసుకుని ఉంటే…"

"నిన్ననే ఇచ్చేదాన్ని," అంది డోనా.

నేను మొహమాటపడుతుంటే వెనక నుంచి అత్త గొంతు: "పుచ్చుకోరా! నీ జన్మలో బేరమాడకుండా తగ్గింది ఇదొక్కటే."

సంతలో

ఆ సాయంత్రం అత్త ఫెయిర్‌కి వస్తానంది. మేం అడగలేదు, తనే అంది. మైదానంలో బాత్‌రూములు ఎక్కడెక్కడున్నాయో డోనా చెప్పి పంపింది. అత్త ముందు వాటిని ఒక్కొక్కటీ చూసొచ్చి, తరవాత మిగతా సంత చూసింది. మన సంతలో పశువుకి దుమ్మే అలంకారం. ఇక్కడ దూడకి షాంపూతో తలంటి, తోక దువ్వి, డ్రయ్యర్‌తో ఆరబెడుతున్నారు. "దీనికున్న వైభోగం నా పెళ్ళిలో నాకు లేదు," అంది అత్త.

ఒక పాకలో వేలంపాట. పాటగాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు కురిపిస్తున్నాడు. అమెరికా వచ్చిన ఇన్నేళ్ళకి నా భాష మాట్లాడేవాడు దొరికాడని నేను ముందుకి వంగాను.

"చేతులు ఒళ్ళో పెట్టుకో. ముక్కు గోక్కున్నా ఎద్దుని అంటగడతారు," అంది అత్త. ఇరవయ్యేళ్ళుగా నేను చూడని అత్త ఆవిడ.

మర్నాడు డోనా మా బల్ల దగ్గర భోంచేసింది. కందిపొడి, నెయ్యి వేసిన అన్నం స్పూనుతో తిని, ఈ పొడి ఫెయిర్‌లో పోటీకి పెడితే బహుమతి రిబ్బన్ గెలుస్తారంది. అత్తా ఆవిడా బాత్‌రూమ్ ఎదురుగా కుర్చీలేసుకుని, చెరో భాషలో, వచ్చేపోయేవాళ్ళ మీద వ్యాఖ్యానం చేశారు. విజయ అనువదించబోతే ఇద్దరూ వద్దన్నారు.

సోమవారం కర్ట్ బండి ఇచ్చాడు. గోడ మీద గంటకింత అని రాసి ఉన్న బోర్డు చూపించి బిల్లు చేతిలో పెట్టాడు. ఆ బోర్డుని ఒకమాట అందామనుకుని, అత్త చూస్తోందని ఊరుకున్నాను.

ఆవిరి లేచే చోట

ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ఆ ఊట, బండి ఆపే చోటు నుంచి కనబడదు. బండి కిటికీలోంచే అత్తకి చూపిద్దామని బాతెల్‌లో వేసుకున్న పథకం అక్కడితో సరి. దిగి నడవాలి. నేనూ విజయా మొహాలు చూసుకునేలోపే అత్త దిగింది. పెద్ద టోపీ పెట్టుకున్న రేంజర్ దగ్గరికి తిన్నగా వెళ్ళి, "బాత్రూమ్, వేర్?" అంది. ఆయన చూపించాడు. వెళ్ళివచ్చి, ఊట చుట్టూ అర్ధచంద్రంలా వేసిన బల్లల మీద ముందు వరసలో కూర్చుంది.

బోర్డు మీద వేళ రాసి పెట్టారు, కొంచెం అటూ ఇటూ అవుతుందని కూడా రాశారు. జనం చేరారు. నేలలోంచి చిన్న చిన్న చిమ్ములు వచ్చి ఆగిపోతున్నాయి. అప్పుడు అత్త లేచింది. విజయ కూడా లేవబోతే, "నువ్వు కూర్చో, నాకు దారి తెలుసు," అంది. పక్కనున్న తెల్లావిడతో, "మై ప్లేస్," అని బల్ల తట్టింది. ఆవిడ తన టోపీ తీసి అక్కడ పెట్టింది.

అత్త అటు మలుపు తిరగడం, ఊట లేవడం ఒకేసారి జరిగాయి. టీవీలో చూసింది దీని ముందు బొమ్మ. తెల్లటి నీటి స్తంభం హోరున లేచి, గాలికి విచ్చుకుని, మా మొహాల మీద వెచ్చటి తుంపర కొట్టింది. జనం కేకలు. విజయ ఊటని చూడలేదు. దారి వైపే చూస్తూ, "అమ్మా, త్వరగా, అమ్మా," అంటూనే ఉంది.

అత్త వచ్చేసరికి కాస్త ఆవిరి మిగిలింది. జనం లేచి పోతున్నారు. విజయ కళ్ళల్లో నీళ్ళు.

అత్త టోపీ తీసి పక్కావిడకి అందించింది. ఆవిరి కేసి చూసింది. "నెక్స్ట్, వెన్?" అని అడిగింది. గంటన్నరలో అని ఆవిడ బోర్డు చూసి చెప్పింది.

"గంటన్నరట," అని అత్త మా ఇద్దరికీ చెప్పింది, పైట సర్దుకుని కూర్చుంటూ. "మీరెందుకు కాళ్ళు పీక్కుపోయేలా ఇక్కడ? వెళ్ళి ఏదన్నా తిని, అటూ ఇటూ తిరిగి రండి. నేనిక్కడే ఉంటాను. ఒరేయ్ రంగా, ఆ నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళు."